మోటారు టాపు, మా అమ్మ మోకాలు

“ఎవరు లాగమన్నారమ్మా దాన్ని? ఇన్ని నారి పురుగులు చూసినదానివి, నీకు తెలవదా?”

“తెలుసురా. నువ్వు పుట్టకముందు నుంచి తెలుసు.”

“తెలిసే లాగినావా?”

“తెలిసే లాగినా. పురుగు కనపడితే మోటారు ఎక్కనియ్యనన్నాడు వాడు. కనపడకుండా చేసుకోని రేపు రమ్మన్నాడు. చేసినా.”

“వాడెవడు చెప్పేదానికి? డాక్టరా?”

“మోటారు వానిది. మోకాలు మనది. ఇంగెవరు చెప్తారు?”

“తెగిన పురుగు లోపల మిగిలితే ఏమైతాదో పసిపిల్లోల్ని అడిగినా చెప్తారు గదమ్మా!”

“రైలుకట్ట మీద గడ్డపార పట్టుకోని నిలబడినోనివి, నాకు చెప్పొచ్చినావా? సరే, నువ్వేం జేస్తావో అది చెప్పు.”

“మంచం మీద టేసనుకు మోసకపోదాం. నా రైల్లో నువ్వెవరని ఎవరూ అడగరు. చేతిలో టికెట్టుంటే చాలు, రెడ్డి పక్కన కూచున్నా లెమ్మనరు.”

“నీ రైలు మంచిదే నాయనా, నేను కాదన్నానా? మన వాకిట్లోకి రమ్మను, ఎక్కుతాం.”

ఈ మాటలు మా నాయనకూ జేజికీ మధ్య జరిగినవి. జేజి అంటే నాయనను కన్న తల్లి. మా కొట్టం ముందర, పొద్దు ఇంకా గూకకముందు, ఇద్దరూ మంచానికి చెరొక వైపు నిలబడి అరుచుకుంటున్నారు. మంచం మీద అమ్మ పడుకొని ఉంది. ఎడమ కాలు చాపుకొని, దాని కింద గోనెసంచి చుట్టి పెట్టుకొని, కళ్ళు మూసుకొని ఉంది. ఆమె కడుపులో బిడ్డ కదిలే నెలలు. నేను వేపమండ పట్టుకొని ఆమె మోకాలి మీద వాలే ఈగలను తోలుతున్నాను. ఇద్దరూ ఆమె గురించే మాట్లాడుతున్నారు గానీ ఆమెను ఎవరూ అడగడం లేదు.

ఇంత కాలానికి ఇది గుర్తుకు రావడానికి కారణం మా వీధి చివరి మరియమ్మ. వరసకు నాకు కోడలవుతుంది. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయిందని తెలిసి మొన్న చూడబోయాను. పండ్లు తీసుకుపోలేదు. మింగలేని మనిషికి పండ్లు తీసుకుపోవడం దండగ. పాత నూలుచీరలు రెండు చింపి, మడిచి, పక్కగుడ్డలకు పనికొస్తాయని తీసుకుపోయాను. ఆమె కొడుకు పీట వేసి కూర్చోబెట్టాడు. రక్తపోటు మాత్రలు మింగుతుండేది గదరా, మరి ఎట్ల వచ్చింది ఇది అని అడిగాను. “మాత్రలు అయిపోయి చాన్నాళ్ళయింది అవ్వా. మనూరికి బస్సు రావడంల్యా గదా,” అన్నాడు. ఆటోలు ఉన్నాయి. కానీ ఆటో మనుషులతో నిండితే తప్ప కదలదు, నిండిన తరువాత ఎక్కేవాళ్ళు వెనక పట్టుకొని వేలాడాలి. మరియమ్మ వేలాడలేదు. సిగ్గుపడి ఆ సంగతి కొడుకుతో కూడా సరిగ్గా చెప్పలేదు, రేపు పోతాలే, ఎల్లుండి పోతాలే అనుకుంటూ గడిపింది. మాత్రలు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. అక్కడికి పోవడమే ఊరికే రాదు. ఇంటికి వచ్చి అన్నం వండుకుంటూ నేను ఇదే ఆలోచించాను. ఆలోచిస్తుంటే నాయన మాటా జేజి మాటా రెండూ నిన్న విన్నట్టు వినిపించాయి.

అప్పుడు మా పల్లె కంభానికీ గిద్దలూరుకూ నడుమ, పెద్ద దారికి ఆనుకొని ఉండేది. పడమర దిక్కున నల్లమల. వంకకు అవతల అసలు ఊరు, ఇవతల మేము. మావన్నీ బోదగడ్డి కప్పిన కొట్టాలు, వాటి నడుమ మట్టిగోడల గుడి. ఆ గుడిలోనే ఆదివారం ప్రార్థన, తక్కిన రోజులు బడి. మా ఇంట్లో పొద్దు మొదలయ్యేది జేజి గొంతుతోనే. కోడి కూయకముందే లేచి, కీర్తన ఒకటి గొణుక్కుంటూ పొయ్యిలో బూడిద కదిలించేది. రాత్రి పిడక నిప్పు బూడిద కింద దాచి పెట్టడం ఆమె అలవాటు. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు, కిరసనాయిలూ అగ్గిపెట్టే రెండూ కరువే. కరువు లేని రోజుల్లోనూ మా ఇంట్లో అగ్గిపుల్ల గీసింది నేను చూడలేదు. నిప్పు చచ్చిపోతే పక్కింటికి పోయి పిడక మీద నిప్పు తెమ్మనేది. జొన్న సంగటి గెలికిన కుండకు అంటుకున్న మాడును గోకి, మజ్జిగ నీళ్ళు పోసి, అది తాను తాగేది. గోగాకు ఉడికిన పులుపు వాసన, పిడక పొగ, గోడకు వేలాడే ఆముదం దీపం కమురు, ఇవన్నీ కలిసిన వాసనే నాకు ఇల్లంటే. ఆమె చీర కొంగుకు ఎప్పుడూ ఏదో ఒక మూట ఉండేది. ఎండిన చింతపండో, ఉప్పుగల్లో, దారప్పోగులో. ఏదీ పారేయడం ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. నా మనవరాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

నీళ్ళకు మాకు ఒక దిగుడుబావి ఉండేది. ఊరివాళ్ళ బావికి గిలక ఉండేది, తాడు వేసి పైనుంచి చేదుకునేవాళ్ళు. అక్కడికి మేము పోకూడదు. మా బావికి గిలక లేదు, మెట్లు ఉన్నాయి. మెట్లు దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలోకి పోయి, కడవ ముంచుకొని, చంకన పెట్టుకొని ఎక్కిరావాలి. కాలికి పుండు ఉన్నవాళ్ళూ అట్లాగే దిగేవాళ్ళు, లేనివాళ్ళూ అట్లాగే దిగేవాళ్ళు. నారి పురుగు ఆ నీళ్ళలోనుంచే మనిషి నుంచి మనిషికి వస్తుందని మాకు చాలా ఏళ్ళ తరువాత ఎవరో వచ్చి చెప్పారు. అప్పటికి మా పెద్దల నమ్మకం వేరు. ఎండకు తిరిగే మనిషి ఒంట్లో నరం ఒకటి వేడెక్కి పురుగై బయటికి వస్తుందని అనేవాళ్ళు. ఊరివాళ్ళకు అంతగా రాకుండా మాకే ఎందుకు వస్తుందంటే, మేమే కదా ఎండలో తిరిగేది అనేవాళ్ళు. ఆ జవాబుతో అందరికీ తృప్తిగానే ఉండేది.

నారి అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు గనుక చెప్పాలి. వేసవిలో కాలి మీద ఒక పొక్కు లేస్తుంది. మంట పుడుతుంది. పొక్కు చితికిన చోట తెల్లటి దారం కొసలాగా పురుగు తల పెడుతుంది. దాన్ని సన్నటి కందిపుల్లకు చుట్టి, పుల్లను గుడ్డపేలికతో కాలికి కడతారు. ప్రతి పొద్దునా పుండు మీద చన్నీళ్ళు ధారగా పోస్తే పురుగు కాస్త వదులిస్తుంది. వదిలినంత మటుకే పుల్లను ఒక చుట్టు తిప్పాలి. బిగిస్తే ఆపాలి. తరువాత ఉమ్మెత్తాకుకు ఆముదం రాసి, నిప్పు సెగ చూపి, పుండు మీద వేసి కట్టాలి. ఇట్లా ఎన్నో పొద్దులు జరగాలి. మూరెడు పురుగు, ఒక్కోసారి అంతకు మించి కూడా. తొందరపడి లాగితే తెగుతుంది, తెగితే లోపలి ముక్క చీము పట్టి కాలు కుండలాగా ఉబ్బుతుంది. మా పల్లెలో నారి చుట్టడంలో జేజి చెయ్యే మంచి చెయ్యి. పొద్దున్నే మా వాకిట్లో కాళ్ళు చాపుకొని వరసగా కూర్చునేవాళ్ళు. “కదలొద్దురా, నీ పెండ్లాం పిలుస్తాందా?” అని తిడుతూ, పుల్లను రెండు వేళ్ళతో పట్టుకొని, ఊపిరి బిగబట్టి తిప్పేది. ఆమె చేతిలో పురుగు తెగిందని ఎవరూ చెప్పుకోలేదు.

అమ్మకు ఆ ఏడు నారి పాదానికి కాకుండా మోకాలి పక్కన తల పెట్టింది. మోకాలు వాచి, వంగడం మానేసింది. రెండు మూడు చుట్లు వచ్చిన తరువాత పురుగు మొండికేసింది. కీలులో పడిన నారి పుల్లకు రాదని, కడుపుతో ఉన్నదానికి జ్వరం తగిలితే రెండు ప్రాణాలూ పోతాయని జేజికి తెలుసు. కంభంలో తెల్ల డాక్టరు దొరసాని ఆసుపత్రి ఉండేది. అక్కడ ఇట్లాంటివి కోసి తీస్తారని విన్నాం. ఆసుపత్రి అంటే జేజికి పడదు, ఒంట్లో ఓపిక లేని వాళ్ళు పోయే చోటు అనేది. అట్లాంటి మనిషే జ్వరం రాకముందే కోడలిని కంభం చేర్చాలని పట్టుబట్టింది. ఎట్లా చేర్చడమన్నదే మిగిలింది.

దారులు రెండు. ఒకటి రైలు. నాయన రైలుకట్ట మీద గ్యాంగు కూలీ. పట్టాల కింద కంకర సర్దడం ఆయన పని. పని ఉన్నన్నాళ్ళు అక్కడే గుడిసెలో ఉండి, వీలైనప్పుడు ఇంటికి వచ్చేవాడు. రైలంటే ఆయనకు ఒక గర్వం ఉండేది. మూడో తరగతి డబ్బాలో మాల, మాదిగ, కోమటి, తురక, అందరూ ఒకరి మోకాళ్ళు ఒకరికి తగిలేట్టు కూర్చుంటారని, దిగి ఇంటికి పోయి ఎవరి స్నానం వాళ్ళు చేసుకుంటారేమో గానీ లోపల ఉన్నంతసేపు నోరెత్తరని చెప్పి నవ్వేవాడు. కానీ టేసను మా పల్లెకు రెండు కోసుల అవతల, వంకలూ ముళ్ళకంపలూ దాటి పోవాలి. కంభం పోయే రైలు పొద్దు గూకినాక వచ్చేది.

రెండోది మోటారు. బస్సును అప్పుడు మోటారనే అనేవాళ్ళం. గిద్దలూరు నుంచి పొద్దున బయలుదేరి కంభం పోయేది, మా పల్లె ముందు నుంచే. యుద్ధంలో పెట్రోలు దొరక్క దాన్ని బొగ్గుతో నడిపేవాళ్ళు. వెనక ఒక పెద్ద ఇనుప పీపా, దానిలో బొగ్గు మండుతూ ఉండేది. ఎత్తు వస్తే క్లీనరు దిగి పీపాను ఇనుప కడ్డీతో పొడిచి, చక్రం తిప్పి నిప్పు రాజేయాలి. ముందు బెంచీల మీద ఊరి పెద్దలూ ఉద్యోగస్తులూ, వాళ్ళ వెనక బెంచీల మీద తక్కిన కులాలవాళ్ళు. మా పల్లెవాళ్ళకు లోపల చోటు లేదు. వెనక నిచ్చెన పట్టుకొని టాపు మీదికి ఎక్కి, మూటల మధ్య కూర్చోవాలి. టికెట్టు మాత్రం అందరిదీ ఒకటే. దీని గురించి మా వాళ్ళు పెద్దగా బాధపడింది నేను చూడలేదు. పైన గాలి బాగా వస్తుందని చెప్పుకునేవాళ్ళు. నేనూ ఎక్కాను, నిజంగానే గాలి బాగా వచ్చింది. అయితే నిచ్చెన ఎక్కగలిగిన కాలు ఉన్నవాళ్ళకే ఆ గాలి. ఆసుపత్రికి పోవలసిన మనిషి టాపు ఎక్కలేదు, టాపు ఎక్కగలిగిన మనిషికి ఆసుపత్రితో పని లేదు. మా పల్లెకు మోటారు రోజూ వచ్చేది గానీ, ఒళ్ళు బాగున్నవాళ్ళకే వచ్చేది.

తగాదా జరిగిన రోజు పొద్దున జేజీ నేనూ అమ్మను చెరొక రెక్కా పట్టుకొని దారి మీదికి నడిపించాం. జేజి చెయ్యి అడ్డం పెట్టింది. మోటారు ఆగింది. కండక్టరు సుబ్బయ్య దిగాడు. బక్కపలచటి మనిషి, కాకీ చొక్కా, కాళ్ళకు చెప్పులు లేవు.

“ఏమే అవ్వా, ఎంతమంది? పైకెక్కండి, పైకెక్కండి, బొగ్గు ఆరిపోతాంది.”

“పైకి ఎక్కలేదు నాయనా నా కోడలు. కాలు వంగదు. కడుపుతో ఉండాది. లోపల ఏదో ఒక మూల కూచోబెట్టు.”

“లోపలనా? ముసిల్దానా, తెలిసే అడుగుతాండావా?”

“తెలిసే అడుగుతాండా. బెంచీ అడగల్యా. నేల చాలు.”

అతను వంగి అమ్మ కాలి వైపు చూశాడు. పుల్ల కనిపించింది. వెంటనే ముందు బెంచీ నుంచి తెల్లపంచె పెద్దమనిషి ఒకాయన తల బయటికి పెట్టాడు. “ఏయ్ సుబ్బయ్యా, పురుగు వేలాడే కాళ్ళను లోపలికి ఎక్కిస్తావేంరా? మేము దిగిపొమ్మంటావా?” అన్నాడు.

“ఎక్కించడంల్యా సామీ, ఎక్కించడంల్యా.”

“నీకూ కాలికి మచ్చ ఉండాదే సుబ్బయ్యా,” అంది జేజి. నిజమే. అతని చీలమండ మీద నారి మచ్చ నాకు కూడా కనిపించింది. “నీ నారిని ఎవరు చుట్టినారో గానీ, నువ్వూ ఒకరి వాకిట్లో కాలు చాపినోనివే గదా.”

సుబ్బయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తరువాత గొంతు తగ్గించి అన్నాడు: “అవ్వా, నా పని పోతాది. మోటారు సావుకారుకు చెప్తారు వీళ్ళు. ఒక మాట విను. పురుగు కనపడకుండా, వాసన లేకుండా, గుడ్డ కట్టుకోని రేపు తీసుకరా. వెనకాల పీపా పక్కన నేల మీద కూచోబెడతా. అడిగినోళ్ళకు నేను చెప్పుకుంటా. మాటంటే మాట.”

“మాట తప్పవు గదా?”

“నా బిడ్డల మీద ఒట్టు.”

మోటారు పోయింది. మేము మళ్ళీ అమ్మను నడిపించుకొని ఇంటికి వచ్చాం. దారిలో రైలుకట్ట దిక్కుకు గొర్రెలు తోలుకుపోయే కాపరి కనిపిస్తే, తన కొడుకును పొద్దుగూకేలోగా రమ్మన్నానని చెప్పమంది జేజి.

ఇంటికి వచ్చి పొయ్యి రాజేసింది. ఉమ్మెత్తాకులు కోసుకొచ్చింది. అమ్మను నీడలో కూర్చోబెట్టి, కాలు పీట మీద పెట్టించి, మొదట చన్నీళ్ళు పోసింది, తరువాత వేడి ఆకు వేసింది, మళ్ళీ నీళ్ళు పోసింది. పురుగు కొంచెం వదిలింది. ఒక చుట్టు తిప్పింది. రోజూ ఆపేది అక్కడే. ఆ రోజు ఆపలేదు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఆకు, మళ్ళీ చుట్టు. అమ్మ తన కొంగు నోట్లో కుక్కుకుంది. “అత్తా, బిగిసింది,” అంది ఒకసారి. “బిగిసింది నాకు తెలుస్తాంది. ఇంకొంచెం ఉండాది. ఓర్చుకో,” అంది జేజి. ఆమె నుదుటి చెమట పుల్ల మీద పడుతోంది. నేను చెంబుతో నీళ్ళు పోస్తూ ఆమె వేళ్ళనే చూస్తున్నాను. ఆ వేళ్ళు ఎప్పుడూ లేనంత మెల్లగా తిరిగాయి. అంత మెల్లగా తిప్పినా, ఆపకుండా తిప్పడం మాత్రం తప్పే. పురుగు తెగింది. చప్పుడేమీ రాలేదు. బయటి ముక్క పుల్లకు వేలాడింది, లోపలి ముక్క మోకాలిలోకి వెనక్కి పోయింది.

జేజి పుల్లను పొయ్యిలో వేసింది. చేతులు బూడిదతో రుద్ది కడుక్కుంది. జొన్నలు విసరడానికి కూర్చుంది. ఇంటి పని ఏదీ ఆగలేదు. మధ్యాహ్నం దాటేసరికి అమ్మ మోకాలు ఎర్రబడింది. ఇంకాసేపటికి వణుకు వచ్చింది. నాయన కట్ట మీది నుంచి వచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోంది. అప్పుడు జరిగిందే నేను మొదట చెప్పిన తగాదా.

ఆ తగాదా రైలు మీదికి పోయింది, మోటారు మీదికి పోయింది, ఎక్కడా తెగలేదు. ఈ పొద్దు రైలు ఎట్లాగూ అందదు, రేపు మంచం మోసుకొని టేసను చేరితే రైలు పొద్దుగూకినాక వస్తుంది, ఆసుపత్రి తలుపు తీసేది ఎల్లుండి పొద్దున, అప్పటికి ఈ జ్వరం ఆగుతుందా అని జేజి అడిగింది. జ్వరంతో ఉన్న మనిషిని మండే పీపా పక్కన నేల మీద, కుక్కను కూర్చోబెట్టినట్టు కూర్చోబెడతావా అని నాయన అడిగాడు.

“మర్యాద ముందా, మోకాలు ముందారా?”

“మర్యాద లేకపోబట్టే గదమ్మా మోకాలు ఇట్లయింది! లోపల చోటిచ్చింటే నువ్వు లాగుతుంటివా?”

జేజి వంగి అమ్మ కాలి కింద గోనెసంచి సర్దింది.

అప్పుడు అమ్మ కళ్ళు తెరిచింది. “టేసనుకు మొయ్యాలంటే నలుగురు గావాల,” అంది. “ఇప్పుడు మన మొగోళ్ళంతా రెడ్డి మడిలో కోతకు పోతాండారు. రేపు నలుగురు రాకపోతే ఎల్లుండి నుంచి ఆ నలుగుర్నీ రానియ్యరు. నా కాలు కోసం నాలుగిండ్ల పొయ్యి ఆర్పొద్దు. మోటారు మన గడప ముందరికే వస్తాది. నేల మీదనే కూచుంటా. నేలేమన్నా కరుస్తాదా?”

నాయన పోయి బావి నుంచి నీళ్ళు తెచ్చి, తడిగుడ్డ అమ్మ నుదుట వేశాడు. తగాదా అట్లా ముగిసింది. గెలిచింది ఎవరో చెప్పలేను.

ఊరించి చెప్పడం నాకు చేతకాదు గనుక, ఆసుపత్రిలో ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. దొరసాని మోకాలు కోసి చీము తీసింది. అమ్మ ప్రాణం నిలిచింది. కడుపులోది నిలవలేదు. మోకాలు మళ్ళీ వంగలేదు. అమ్మ చచ్చేవరకు ఆ కాలు రోకలిలాగే ఉండింది. గుడిలో అందరూ మడిచి కూర్చుంటే ఆమె గోడవారగా కాలు చాపుకొని కూర్చునేది. దిగుడుబావి మెట్లు దిగలేదు గనుక నీళ్ళు తెచ్చే పని నాకు వచ్చింది, దానితో నా బడి పోయింది. రెండో తరగతి. అచ్చులూ హల్లులూ, కొద్దిగా గుణింతం. తరువాత బైబిలు మీద వేలు పెట్టుకొని చదివి చదివి మిగిలినవి నేర్చుకున్నాను. నా చదువు ఎందుకు ఆగిందని మనవలు అడిగితే పేదరికం అంటాను, అది సులభమైన జవాబు. సరిగ్గా చెప్పాలంటే అది అమ్మ మోకాలి దగ్గర ఆగింది. జేజి ఆ తరువాత నారి చుట్టడం మానేసింది. పొద్దున్నే ఎవరైనా వాకిట్లో కాలు చాపితే, “నా చెయ్యి మంచిది కాదు పోండి,” అనేది. నాయన ఆమెను దాని గురించి మళ్ళీ ఒక్క మాట అనలేదు. ఆమె పోయినప్పుడు మాత్రం, సమాధి దగ్గర మట్టి వేస్తూ, “మంచి చెయ్యి,” అన్నాడు.

సుబ్బయ్య మీద నాకు కోపం లేదు. అప్పుడు ఉండిందేమో, గుర్తులేదు. అతను చెడ్డవాడు కాదు. అతని చేతిలో ఉన్నంత దయ అతను చూపించాడు. ఆ దయ కొలత చిన్నది, దానికి తగ్గట్టు కాలిని సరిచేసుకోవలసింది మేము. కాలక్రమంలో చాలా మారాయి. టాపు మీదికి మనుషులను కులం చూసి ఎక్కించడం పోయింది. ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవచ్చు. మొదటిసారి బెంచీ మీద కూర్చున్నప్పుడు అమ్మ కాలు నడవలో చాచుకుంటే, దాటిపోయేవాళ్ళంతా విసుక్కున్నారు. ఆ విసుగు అందరికీ సమానంగా పడే విసుగు, దానికి ఆమె నవ్వుకుంది. బోరింగులు వచ్చాయి, దిగుడుబావి పూడ్చారు, నారి పురుగు పోయింది. ఇప్పటి డాక్టర్లలో దాన్ని కళ్ళతో చూసినవాళ్ళు ఎంతమందో నాకు తెలియదు. ఇవన్నీ మేలు. అప్పటి రోజులే బాగుండేవి అనే ముసలివాళ్ళను చూస్తే నాకు చిరాకు. కానీ మరియమ్మ మంచం పక్కన కూర్చున్నప్పుడు అనిపించింది, అప్పుడు బండి ఉంది, అందులో చోటు లేదు. ఇప్పుడు చోటు ఇచ్చారు, బండి ఆపేశారు. మొదటిదానికి అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు, కాకీ చొక్కా వేసుకొని. రెండోదానికి ఎవరిని అడగాలో మరియమ్మ కొడుక్కు తెలియదు, నాకూ తెలియదు. వేలాడగలిగినవాళ్ళు మాత్రం ఆటోలో పోతూనే ఉన్నారు, వాళ్ళకు ఏ లోటూ లేదు.

ఇక ఆ తగాదా మరుసటి పొద్దున. నాయన అమ్మను రెండు చేతుల మీద ఎత్తుకొని దారి మీదికి తెచ్చాడు. జేజి తన కొత్త చీర కొంగు చింపి మోకాలికి చుట్టింది. ఆ చీర ఆమె పండగకు కూడా కట్టకుండా దాచుకున్నది. గుడ్డ మీద ఒక మరక లేదు. కుంకుడు రసంతో కాలంతా కడిగింది గనుక వాసన కూడా లేదు. మోటారు వచ్చి ఆగింది. సుబ్బయ్య దిగి, వంగి, గుడ్డ వైపు చూశాడు.

“పురుగేది?”

“కనపడదు నాయనా,” అంది జేజి.

“ఇట్ల శుభ్రంగా తెస్తే ఎవరు వద్దంటారవ్వా? నిన్ననే ఇట్ల తెచ్చింటే నిన్ననే పోతుంటిరి గదా,” అన్నాడు. ఎగతాళికి అనలేదు, మంచిగానే అన్నాడు.

వెనక తలుపు తానే తీశాడు. నాయన అమ్మను పీపా పక్కన నేల మీద కూర్చోబెట్టాడు. జేజి ఎక్కి, ఆమె కాలు తన ఒడిలో పెట్టుకుంది. నాయన నిచ్చెన పట్టుకొని టాపు మీదికి ఎక్కాడు. క్లీనరు చక్రం తిప్పాడు, పొగ వచ్చింది, మోటారు కంభం దిక్కుకు పోయింది.